దిగుడు బాయిలో ఒంటికన్ను పురుగు



పోయిన వారం రచ్చబండ కాడ మన ఊరి పాత దిగుడు బాయి మాట వచ్చింది. పూడిక తీద్దాం, మెట్లు బాగు చేద్దాం, ఎండాకాలం నల్లా రాని రోజుల్లో అందరం ఆ నీళ్లే తాగుదాం అని కుర్రోళ్లు ముందుకొచ్చారు. పని మంచిదే. నేనూ పార పట్టుకొని వస్తానని చెప్పాను. కానీ అందులో ఒక తమ్ముడు ఒక మాటన్నాడు. "మన తాతలు ఈ మెట్లు దిగి దోసిళ్లతో తాగారు, ఏ రోగం లేకుండా నూరేళ్లు బతికారు. ఈ ఫిల్టర్ నీళ్లు వచ్చాకే రోగాలన్నీ వచ్చాయి" అని. అందరూ ఔనన్నారు. నాకు మాత్రం గొంతులో ముల్లు పడ్డట్టయింది. పదిమందిలో ఎదురు చెప్పబుద్ధి కాక ఊరుకున్నాను. అక్కడ చెప్పని మాట ఇక్కడ రాస్తున్నాను. కొంచెం పొడుగైనా ఓపికగా చదవండి.

మా నాయనమ్మ పుట్టిల్లు పడమటి మెట్టలో ఒక ఊరు. ఆమె ఎడమ కాలు చీలమండ పైన తోలు ముడుచుకుపోయిన ఒక మచ్చ ఉండేది, రూపాయి బిళ్లంత. ఆ కాలు పూర్తిగా మడిచి కూర్చోలేకపోయేది. చిన్నప్పుడు ఏందని అడిగితే "నారికురుపు లేచిందిరా" అనేది. ముందు పొక్కు లేచిందట, నిప్పు పెట్టినట్టు మంట. మంటకు తట్టుకోలేక బాయి మెట్ల మీద కూర్చొని కాలు నీళ్లలో పెట్టేదట. పొక్కు పగిలి తెల్లటి దారం కొస బయటికొచ్చింది. వాళ్లమ్మ దాన్ని చీపురు పుల్లకు చుట్టి, రోజుకు రెండేళ్ల మందాన లాగుతూ వచ్చింది. అది సగంలో తెగింది. కాలంతా వాచి చీము పట్టింది. రెండు నెలలు మంచం మీదే. ఆ ఏడు వాళ్ల జొన్న చేను కలుపు తీసే దిక్కు లేక పోయిందట, ఎందుకంటే ఇంట్లో అదే కాలంలో ఇంకా ఇద్దరికి లేచింది.

మనలో యాభై దాటినోళ్లకు ఈ పేరు చెవిన పడే ఉంటుంది. నారి అంటే వింటికి కట్టే అల్లెతాడు. చూస్తే ఆ పురుగు అట్లాగే ఉంటుంది, మూర నుంచి రెండు మూరల దాకా పొడుగు, సేమ్యా అంత లావు. పిల్లలకు ఆ పేరే తెలియదు. తెలియకపోవడం వాళ్ల అదృష్టం. కాకపోతే అది ఎట్లా వచ్చేదో, ఎట్లా పోయిందో మర్చిపోతే మాత్రం మనం ఆ మెట్లు తప్పుగా దిగుతాం.

అది రావడానికి దారి ఇచ్చింది ఒక చిన్న నీటి జీవి. పేరు సైక్లాప్స్. రొయ్యలు, ఎండ్రకాయల కులమే, కాకపోతే పొడుగు మిల్లీమీటరు అటూ ఇటూ. ఇంటర్‌లో జువాలజీ రికార్డులో బొమ్మ వేశాను కాబట్టి నాకు గుర్తు. తల మధ్యలో ఒకే కన్ను. గ్రీకుల కథల్లో ఒంటికన్ను రాక్షసుడి పేరు దీనికి పెట్టారు. ఆడదానికి తోక పక్కన రెండు గుడ్ల సంచులు, గాడిద మీద చాకలి మూటల్లాగా అటొకటి ఇటొకటి వేలాడుతుంటాయి. గాజు గ్లాసులో కుంట నీళ్లు పట్టి ఎండకు ఎత్తి చూడండి. ఆగి ఆగి ఎగిరినట్టు కదిలే తెల్ల చుక్కలు కనిపిస్తే అవి ఇవే కావచ్చు. గుండ్రంగా ఉండి గంతులేసే ఇంకో రకం ఉంటుంది, అది డాఫ్నియా, నీటి ఈగ అంటారు. అది వేరు.

సైక్లాప్స్ ఎక్కడ ఉంటుందంటే నిలిచిన నీళ్లు ఎక్కడుంటే అక్కడ. చెరువు, కుంట, వరి మడి, దిగుడు బాయి, పశువుల తొట్టి. పారే వాగులో నిలదొక్కుకోలేదు, మడుగు కట్టిన చోట మాత్రం ఉంటుంది. మనం వాగు ఇసకలో తవ్వుకునే చెలమలో కూడా అప్పటికప్పుడు ఊరిన నీళ్లలో దాదాపు ఉండదు, ఇసక వడపోస్తుంది కాబట్టి. అడవి అంచు గూడేల్లో కోయ పెద్దలు పాత చెలమ నీళ్లు తోడి పారబోసి, కొత్తగా ఊరినవే ముంచుకుంటారు చూడండి. ఆ అలవాటు వెనక ఎన్ని తరాల అనుభవం ఉందో మనకు తెలియదు గాని, లెక్క మాత్రం సరిగ్గా సరిపోతుంది.

గుడ్డు నుంచి పిల్ల, ఆ పిల్ల పదకొండు సార్లు కుబుసం విడిచి పెద్దదవుతుంది. మన ఎండలకు ఇదంతా రెండు మూడు వారాల పని. పచ్చటి నాచు, తనకన్నా చిన్న పురుగులు తింటుంది. నీళ్లు ఎండిపోతే కొన్ని రకాలు బురదలో ముడుచుకొని నిద్రపోతాయి, వాన పడగానే లేస్తాయి. ఎండాకాలం బాయిలో నీళ్లు అడుగంటుతుంటే ఉన్న జీవాలన్నీ ఆ కాస్త నీళ్లలోకే దగ్గరికొస్తాయి. వానాకాలం బిందెలో ఒకటో రెండో పడితే ఏప్రిల్, మే నెలల్లో అదే బిందెలో పదులు పడతాయి.

ఇప్పుడు మా నాయనమ్మ కాలు గుర్తు చేసుకోండి. మంటకు కాలు నీళ్లలో పెట్టింది గదా, నీళ్లు తగలగానే ఆ పురుగు లక్షల కొద్దీ పిల్లలను వదులుతుంది. ఆ పిల్లలు వాటంతట అవి నీళ్లలో కొద్ది రోజులకన్నా బతకవు. మనిషి తాగినా ఏమీ కాదు. వాటిని సైక్లాప్స్ మింగాలి. దాని కడుపులో రెండు వారాలు పెరిగి తయారైతేనే మనిషికి ఎక్కుతాయి. పురుగు పట్టిన సైక్లాప్స్ చురుకుతనం పోయి అడుక్కు దిగుతుంది. ఎండాకాలం మనం అడుగు నీళ్లు చిప్పతో గీరి ముంచుకుంటాం. తాగినోడి కడుపులో సైక్లాప్స్ అరిగిపోతుంది, పురుగు మాత్రం అరగదు. పేగు చీల్చుకొని ఒంట్లోకి పోయి, మగది ఆడది కలిశాక మగది చస్తుంది, ఆడది ఏడాది పాటు తోలు కింద పెరుగుతుంది. ఏడాది తిరిగేసరికి మళ్లీ అదే ఎండాకాలం, మళ్లీ అదే బాయి, అంతే అడుగంటిన నీళ్లు. పంటల కాలం మనకు తెలిసినట్టు దానికీ తెలుసు. తాగిన రోజు ఏమీ తెలియదు కాబట్టి ఎవరూ నీళ్లను అనుమానించలేదు. శాపమన్నారు, గాలి సోకిందన్నారు.

ఒకసారి వచ్చిపోతే మళ్లీ రాదన్న రక్షణ కూడా లేదు. ప్రతి ఏడూ లేచినోళ్లు ఉన్నారు. టీకా అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. పురుగును చంపే మందు కూడా లేదు. ఆఫ్రికాలో మాలి దేశంలో దీనికి ఖాళీ గాదె జబ్బు అని పేరు. పేరు పెట్టినోడు రైతే అయ్యుంటాడు. సరిగ్గా పనుల మీద పడి మనిషిని మంచాన వేస్తుంది కాబట్టి గాదె ఖాళీ.

ఇది మన ఒక్కరి రోగం కాదు, చాలా పాతది. ఈజిప్టులో ఒక మమ్మీని విప్పితే సున్నంలా గట్టిపడిన ఈ పురుగు కనిపించింది. సైన్సు పేరులో మదీనా ఊరి పేరు ఉంది, అక్కడ అంతగా ఉండేదన్నమాట. వేల ఏళ్లు పుల్లకు చుట్టి లాగడం తెలుసు గాని ఎక్కడి నుంచి వస్తుందో తెలియదు. దాన్ని పట్టుకున్నది 1870 లో. ఫెడ్చెంకో అనే రష్యా ఆయన తుర్కిస్తాన్‌లో, అంటే ఇప్పటి ఉజ్బెకిస్తాన్ వైపు, ఈ పురుగు పిల్లలు సైక్లాప్స్‌లోకి పోయి పెరగడం కళ్లారా చూశాడు. సైక్లాప్స్‌ను వెతికి చూడమని ఆయనకు చెప్పింది జర్మనీలో ల్యూకార్ట్ అనే ప్రొఫెసరు.

ఇక్కడ ఒక తమాషా. ఆ ల్యూకార్ట్ పేరే ఒక రకం సైక్లాప్స్‌కు అంతకుముందే 1857 లో పెట్టారు. మన దేశంలో నారికురుపు మోసేది ఆ ల్యూకార్టి రకమేనని నూరేళ్లు పుస్తకాల్లో రాసుకున్నారు. 1981 లో కీఫర్ అనే ఆయన సూదంత అవయవాలు దిద్ది చూసి, అసలు ల్యూకార్టి చల్లటి దేశాలదని, మన ఉష్ణ దేశాల్లో ఉన్నవి దాని దాయాదులని తేల్చాడు. ఆస్పరికార్నిస్, థర్మోసైక్లోపాయిడిస్ అని వాటి పేర్లు. నోరు తిరగకపోతే వదిలేయండి. వరిలో దోమ అని ఒక్క మాట అంటాం గాని సుడిదోమ వేరు, పచ్చదోమ వేరు అని మనకు తెలుసు గదా, అట్లాంటిదే ఇది.

కారణం తెలిశాక దారి దొరికింది. బుఖారా పట్నంలో జనం మెట్లు దిగి నీళ్లు ముంచుకునే కోనేర్లు చాలా ఉండేవి. 1920ల్లో ఇసాయెవ్ అనే డాక్టరు ఆ కోనేర్ల వెంట పడ్డాడు. కొన్ని ఎండగట్టారు, కొన్ని పూడ్చారు, రోగులను నీళ్ల దగ్గరికి రానివ్వలేదు. 1930ల మొదట్లోనే అక్కడ నారికురుపు లేకుండా పోయింది. ఒక్క మందు బిళ్ల లేకుండా.

మన దేశం ఆ పని దేశమంతా మొదలుపెట్టడానికి ఇంకో యాభై ఏళ్లు పట్టింది. జాతీయ కార్యక్రమం 1983-84 లో మొదలైంది. 1984 లెక్క చూస్తే ఏడు రాష్ట్రాల్లో 89 జిల్లాల్లో 12,840 ఊళ్లలో సుమారు 40 వేల మంది రోగులు. అప్పటి మన ఆంధ్రప్రదేశ్ ఆ ఏడింట్లో ఒకటి. రాజస్థాన్, మధ్యప్రదేశ్, గుజరాత్, మహారాష్ట్ర, కర్ణాటక, తమిళనాడు మిగతావి. మ్యాపు చూస్తే అన్నీ దిగుడు బావులు, కుంటల మీద బతికిన మెట్ట ప్రాంతాలే.

ఏం చేశారు? ఆరోగ్య కార్యకర్తలు ఊరూరు తిరిగి, ఇంటింటికీ పోయి పురుగు బొమ్మ చూపించి అడిగారు. రోగి దొరికితే కట్టు కట్టి, నీళ్లలో కాలు పెట్టొద్దని బతిమాలారు. నీళ్లు వడగట్టమని సన్న జాలి గుడ్డలు పంచారు. సైక్లాప్స్ మన కంటికి చుక్కే గాని గుడ్డ దారాల సందుకు పెద్దదే, మంచి నేత గుడ్డ రెండు మడతలు వేస్తే దిగబడదు. దిగుడు బావుల మెట్లు మూసి, చుట్టూ గోడ కట్టి చేద బావులుగా మార్చారు. మార్చలేని చోట టెమిఫాస్ మందు పోశారు. ఇది మనం చేలో కొట్టే క్లోరిపైరిఫాస్, మోనోక్రోటోఫాస్ కుటుంబమే, కాకపోతే మనుషులకు చాలా తక్కువ విషం. మోతాదు లీటరుకు ఒక మిల్లీగ్రాము. లక్ష లీటర్ల బాయికి వంద గ్రాముల అసలు మందు. ఆ మాత్రానికి సైక్లాప్స్ చస్తుంది. ఈ అంకె గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

అన్నిటికన్నా పెద్ద పని చేసింది బోరింగు. ఇండియా మార్క్ టూ అని మనం చిన్నప్పుడు ఊగులాడి కొట్టిన ఆ చేతిపంపే. నేల లోపలి నుంచి గొట్టంలో వచ్చే నీళ్లలో ఎవరి కాలూ పడదు. (నల్లగొండ వైపు అదే బోరింగు ఫ్లోరైడు నీళ్లు పైకి తెచ్చి ఎముకలు వంచిన సంగతి కూడా మర్చిపోలేం. ఒక గండం దాటితే ఇంకో గండం. దాని మీద వేరే రాస్తాను.)

దేశంలో ఆఖరి రోగి 1996 జులైలో రాజస్థాన్ జోధ్‌పూర్ జిల్లాలో దొరికాడు. మూడేళ్లకు పైగా చూసి, ఇంక లేడని తేల్చుకొని, 2000 ఫిబ్రవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశంలో నారికురుపు లేదని పత్రం ఇచ్చింది. 1986 లో ప్రపంచం మొత్తం మీద ఏటా 35 లక్షల మందికి లేస్తుందని అంచనా. 2023 లో 14 మంది. ఇప్పుడు ఆఫ్రికాలో చాద్ దేశంలో కుక్కలకు పట్టి సతాయిస్తోంది, అందుకే పూర్తిగా పోలేదు.

ఇంకో మాట కూడా చెప్పాలి, కొందరికి నచ్చకపోవచ్చు. మన తాతలు అందరూ ఒకే బాయి నీళ్లు తాగలేదు. గిలక ఉన్న చేద బాయి ఊళ్లో కొందరిదే. ఆ బాయి గట్టు ఎక్కనివ్వని వాళ్లు కుంటలో, పశువులు దిగిన మడుగులో ముంచుకొని తాగారు. సైక్లాప్స్‌కు కులం లేదు గాని నీళ్లకు ఉండింది. ఎవరి ఇంట్లో ఎక్కువ కాళ్లు వాచాయో వేరే చెప్పక్కర్లేదు. "మన తాతలు" అన్నప్పుడు ఎవరి తాతలో కూడా అడగాలి.

సరే, నారికురుపు పోయింది. సైక్లాప్స్ పోయిందా? పోలేదు. పోవాల్సిన పని కూడా లేదు. నేరం పురుగుది, ఇది బండి మాత్రమే. ఇప్పుడు మన దేశంలో ఆ బండి ఖాళీగా తిరుగుతోంది.

ఖాళీగా అంటే పనిలేకుండా కాదు. చెరువులో చేపపిల్లలు వేసినోళ్లకు తెలుసు, పేడ వేసి నీళ్లు పచ్చబడ్డాక వచ్చే చిన్న పురుగులే పిల్లలకు మొదటి మేత. అందులో ఇదీ ఉంటుంది. అప్పుడే గుడ్డు నుంచి వచ్చిన పిల్లలను మాత్రం ఇదే కొరికి చంపుతుంది. నాలుగు రోజులు ఆగితే ఆ పిల్లే దీన్ని తింటుంది. ఎవరు ముందు పెద్దయితే వాళ్లది రాజ్యం.

దోమ పిల్లలను కూడా తింటుంది. తాహితి అనే దీవిలో ఇద్దరు పరిశోధకులు 1981 లో దీన్ని బయటపెట్టారు. మన దగ్గర ఉన్న ఆస్పరికార్నిసే డెంగీ దోమ గుడ్ల నుంచి వచ్చిన పిల్లను వచ్చినట్టే నమిలేస్తోందని చూశారు. 1990ల్లో వియత్నాం వాళ్లు ఊళ్లల్లో నీళ్ల తొట్లలో, గాబుల్లో సైక్లాప్స్ వేసి, పాత టైర్లు, చిప్పలు ఏరించి, కొన్ని ఊళ్లలో డెంగీ దోమనే లేకుండా చేశారు. మన మండలంలో వానాకాలం వస్తే డెంగీ పేరు చెప్పి ఎన్ని ఇళ్లు ఖమ్మం ఆసుపత్రులకు పోయి అప్పులపాలవుతున్నాయో మీకు తెలుసు. మనం తొట్లో పట్టుకొచ్చి వేయమని నేను చెప్పడం లేదు, అది తెలిసినోళ్లు చూసి చేయాల్సిన పని. కుంటలో ఉన్నదాన్ని చంపకుండా ఉంటే చాలంటున్నాను.

ఇప్పుడు ఆ అంకె దగ్గరికి వద్దాం. లీటరుకు ఒక మిల్లీగ్రాము. పత్తికి, మిరపకు మందు కొట్టి పంపును కుంటలో ముంచి కడుగుతాం. డబ్బా మూత తీసి వాగు మడుగులో జాడిస్తాం. నేనూ కడిగినోణ్ణే, నీతులు చెప్పడం లేదు. డబ్బా అడుగున మిగిలిన నాలుగు చుక్కలు మనకు లెక్క కాదు. మడుగుకు అది లెక్కే. సైక్లాప్స్ పోతుంది, డాఫ్నియా పోతుంది, తూనీగ పిల్ల పోతుంది. వీటికన్నా ముందు తేరుకునేది దోమ, ఎందుకంటే అది ఎగిరొచ్చి గుడ్లు పెట్టి పోతుంది. తినేవాళ్లు లేని మడుగు దానికి పుట్టింటి లెక్క.

బోరు నీళ్లలో ఏ జీవీ ఉండదనుకుంటాం, అదీ తప్పే. గుంటూరు దగ్గర నాగార్జున విశ్వవిద్యాలయంలో రంగారెడ్డి అనే ప్రొఫెసరు గారు, ఆయన శిష్యులు ఏళ్ల తరబడి బోర్లలో, నదుల ఇసకలో నీళ్లు వడగట్టి, కళ్లు లేని తెల్లటి రొయ్య జాతి పురుగులను కొత్తవి ఎన్నో బయటపెట్టారు. అందులో హాబ్రోబాతినెల్లా అనే వాటి చుట్టాలు మడగాస్కర్‌లో ఉన్నాయి. పల్నాడు గుత్తికొండ బిలంలో దొరికిన ఇంకో దాని బంధువులు ఆస్ట్రేలియాలో ఉన్నారు. సముద్రాలు దాటి ఈదొచ్చినవి కావు. ఆ నేలలన్నీ ఒకప్పుడు ఒకే ముద్దగా ఉండి విడిపోయాయి, మన కింద నీళ్లలో అవి ఉండిపోయాయి. ఇది మన కథకు పక్క దారి, కానీ చెప్పకుండా ఉండలేకపోయాను.

ఇక మన బాయి సంగతి. పూడిక తీద్దాం, ఆ మాట మీదే ఉన్నాను. పక్క బోర్లకు కూడా ఊట పెరుగుతుంది. మెట్లు కూడా బాగు చేద్దాం, అవి మన పెద్దల చేతి పని. కానీ తాగడానికైతే ఎవరూ మెట్లు దిగొద్దు. మెట్ల దారికి గేటు పెట్టి, పైన గట్టు మీద గిలక వేసి చేదుకుందాం, లేదా చిన్న మోటరు పెట్టి పైన ట్యాంకులోకి ఎక్కిద్దాం. నారికురుపు మళ్లీ వస్తుందని కాదు, మన దేశంలో ఆ పురుగే లేదు. కానీ కాళ్లతో పోయే రోగం అదొక్కటే కాదు. విరేచనాలు, కామెర్లు, టైఫాయిడ్ అన్నీ అదే మెట్ల మీద దిగుతాయి. కలరా పురుగు సైతం సైక్లాప్స్ లాంటి జీవుల ఒంటిని అంటిపెట్టుకొని ఉంటుంది. బంగ్లాదేశ్ పల్లెల్లో పాత నూలు చీర మడతలు పెట్టి బిందె మూతికి కట్టి వడగట్టిస్తే కలరా దాదాపు సగానికి తగ్గిందని 2003 లో లెక్క తేల్చారు. కొత్త చీర కాదు, ఉతికి ఉతికి దారాలు ఉబ్బి సందులు మూసుకున్న పాత చీరే పనికొచ్చింది. మన ఆడవాళ్లు బిందె మీద తువ్వాల వేసి పట్టేది చూసి నవ్వినోళ్లు ఆ తువ్వాల ఇంకో రెండు మడతలు వేయించండి. ఆ తర్వాత కాచి తాగండి, లేదంటే బ్లీచింగు వేయించండి. గుడ్డ ఒక్కటే నమ్ముకోవద్దు, అది సైక్లాప్స్‌ను ఆపుతుంది గాని విడిగా తిరిగే సూక్ష్మజీవిని ఆపదు.

పూడిక పని అమావాస్య తర్వాత మొదలుపెడదామని పెద్దలు అంటున్నారు. వచ్చేవాళ్లు గడ్డపార, తట్ట తెచ్చుకోండి. అడుగు నీళ్లు తోడేటప్పుడు మొదటి బిందె నాకు ఇవ్వండి. గాజు సీసాలో పోసి, బడి పిల్లలకు ఎండలో పెట్టి చూపిస్తాను. మా నాయనమ్మ కాలి మచ్చ కథ కూడా అప్పుడే చెప్తాను. ఆ మాటన్న తమ్ముడు కూడా వస్తే సంతోషం, వాడి మీద నాకు కోపం ఏమీ లేదు.